వానసేమ్యా

మా చెల్లెలి మనవడు వేసవి సెలవులకి విశాఖపట్నం నుంచి మద్రాసు వచ్చాడు. చెన్నై అనాలి గాని, నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో కాపురం ఉంటున్నా నా నోటికి ఇంకా మద్రాసే వస్తుంది. వాడికి పదకొండేళ్ళు. మనిషి గోరంత, ప్రశ్నలు కొండంత. వచ్చిన నాలుగు రోజుల్లో వాడు నన్నడగని ప్రశ్న లేదు. నేను "తరవాత చెబుతాలేరా" అనని పూటా లేదు.

అయిదోనాడు మా ఆవిడ, "వాణ్ణి ఎక్కడికైనా తీసుకెళ్ళండి బాబూ, ఇల్లు పీకి పందిరేస్తున్నాడు" అంది. సరే, జార్జిటవునుకి తీసుకెళ్ళి, అక్కడ మన తెలుగువాళ్ళు వెలగబెట్టిన వైభవం కాస్త వాడి చెవిన వేద్దామని నిశ్చయించుకున్నాను. బయలుదేరుతూంటే ఆవిడ గుమ్మందాకా వచ్చి, "వీధిలో గడ్డీగాదం తినిపించకండి. వాడి కడుపు చెడితే మీ చెల్లెలికి నేను జవాబు చెప్పుకోలేను" అంది. ఆ హెచ్చరిక నాకు అనవసరం. పదిహేనేళ్ళు ఆ పేటలోనే ఉద్యోగం చేశాను గాని, బండిమీద తిండి ముట్టుకున్న పాపాన పోలేదు.

మాంబళంలో ఎలక్ట్రిక్ రైలెక్కి, బీచి స్టేషనులో దిగాం. ఎండ అప్పుడే కాస్త తగ్గుముఖం పట్టింది. రోడ్డు దాటగానే బర్మాబజారు.

"బర్మా అంటే వేరే దేశం కదా తాతయ్యా! దాని బజారు ఇక్కడెందుకుంది?" అన్నాడు.

1962లో బర్మాలో సైనికులు గద్దెనెక్కారనీ, ఆ తరవాత రెండేళ్ళలో అంగళ్ళూ వ్యాపారాలూ సర్కారు లాగేసుకుందనీ, అక్కడ తరతరాలుగా బతుకుతున్న మనదేశంవాళ్ళు లక్షలమంది ఉన్నదంతా వదులుకుని తిరిగి వచ్చారనీ, అలా వచ్చినవాళ్ళు బతుకుతెరువుకి పెట్టుకున్న కొట్లే ఇవనీ చెప్పాను. వాడు ఎంతో శ్రద్ధగా విని, "అయితే ఆ చెవిలో పెట్టుకునేవి ఎంతో అడుగు" అన్నాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని గబగబా ముందుకి నడిచాను.

పారీస్ మూల మీద నుంచుంటే ఎదురుగా హైకోర్టు. 1892లో కట్టిన ఎర్రటి భవనం. ప్రహరీగోడకున్న పలక దగ్గిరికి తీసుకెళ్ళి ఎమ్డెన్ కథ చెప్పాను. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఆ జర్మను యుద్ధనౌక చీకట్లో వచ్చి ఊరిమీద గుళ్ళు కురిపించింది. రేవు దగ్గిరున్న బర్మా ఆయిల్ కంపెనీవారి చమురు తొట్లు భగ్గున మండిపోయాయి. జనం మూటాముల్లే కట్టుకుని ఊరు వదిలి పరుగులు తీశారు. ఇప్పటికీ తమిళులు గట్టి పిండాన్ని "ఎమ్డన్" అంటారు.

"మళ్ళీ బర్మాయేనా? ఇందాకా బర్మా, ఇప్పుడూ బర్మా!" అన్నాడు వాడు.

"తరవాత చెబుతాలేరా" అన్నాను. చెప్పడానికి నా దగ్గిరేమీ లేదు.

అసలు వాడికి నేను చూపించదలచుకున్నది తంబుచెట్టి వీధి. నడుస్తూ ఉపన్యాసం మొదలెట్టాను. 1639లో ఇంగ్లీషువాళ్ళకి ఈ ఇసుకనేల ఇచ్చింది తెలుగు నాయకులేననీ, ఆ దామెర్లవారి తండ్రి చెన్నప్ప పేరనే చెన్నపట్నం వెలిసిందంటారనీ చెప్పాను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా పెట్టిన ఆంధ్రపత్రికని, 1914లో మద్రాసులో దినపత్రికగా మొదలెట్టి, ఈ వీధిలోంచే తెలుగుదేశమంతటికీ పంపేవారన్నాను.

"ఏదీ?" అన్నాడు వాడు, ఆ పక్కా ఈ పక్కా చూసి.

"ఇప్పుడు లేదురా."

"మరి లేనిదాన్ని ఎలా చూడను తాతయ్యా?"

ఒక తోపుడుబండివాడు కాగితం రీములు వేసుకుని మా ఇద్దరి మధ్యనుంచీ దూసుకుపోయాడు. నాకు జవాబు తట్టలేదు. నయమే, ఆ వీధిలోనే కాళికాంబాళ్ గుడి ఉంది. 1677లో శివాజీ ఇక్కడికి వచ్చి అమ్మవారిని దర్శించుకున్నాడని గుడిలో చెబుతారు. ఆ మాట వినేసరికి మావాడి కళ్ళు మెరిశాయి. "కత్తితోనే లోపలికొచ్చాడా?" అని పూజారినే అడిగాడు. ఆయన నవ్వి, చేతిలో ఇంత కుంకుమ పెట్టాడు.

అక్కణ్ణుంచి ఒకప్పటి చీనాబజారు రోడ్డు మీదుగా మింటు వీధికి వెళ్ళాం. తమిళంలో తంగసాలై అంటారు, మన టంకశాలే. నాణేలు పోసిన వీధిలో ఇప్పుడు మార్వాడీలూ గుజరాతీలూ మిఠాయిలు పోస్తున్నారు. ఒక కొట్లో చిన్న చిన్న మురుకుల నడుమ టమాటా చక్రాలూ కీరా చక్రాలూ పెట్టి, పచ్చడి రాసి ఇస్తున్నారు. దాన్ని మురుకు శాండ్విచ్చి అంటారట. మావాడు కదల్లేదు. ఇది కొట్టే గాని బండి కాదు కదా అని నా మనసుకి నేనే సర్దిచెప్పుకుని రెండు కొన్నాను. ఆ వెనకాలే వేడి జిలేబీ. మా ఆవిడ మాట అప్పటికే సగం నీళ్ళపాలైంది.

చీకటి పడుతూంటే ఆటోలో బీచి స్టేషనుకి తిరిగి వచ్చాం. స్టేషను ఎదురుగా ఉన్న పెద్ద రోడ్డుకి వెనక సెకండులైను బీచి అనే వీధి ఉంది. పగలంతా ఆఫీసులు. సాయంత్రమైతే వరసగా బళ్ళు వెలుస్తాయి. ఆ దీపాల వెలుగులో ఒకతను ఎర్రరంగు నూడిల్సు గిన్నెలో వేసి, సన్నగా తరిగిన కేబేజీ, ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు, చింతపండు పులుసు, వెల్లుల్లి నూనె, కారం వేసి, కరకరలాడే అప్పాలలాంటివి పైన నలిపి, చేత్తో చకచకా కలిపేస్తున్నాడు. పక్కనే అరటిదూట చారు పొగలు కక్కుతోంది.

"తాతయ్యా, ఒక్కటి!" అన్నాడు.

"వద్దు" అన్నాను. వాడు నా చొక్కా వదల్లేదు. చివరికి గుడ్డు లేకుండా ఒకటి కలిపించాను. "ఇది అత్తో. బర్మా తిండి. మా తాత రంగూన్‌నుంచి వస్తూ పట్టుకొచ్చినది ఇదొక్కటే" అన్నాడు బండి అబ్బాయి తమిళంలో, నవ్వుతూ.

మావాడు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం ఆపి నావంక చూశాడు.

"తాతయ్యా, ఇది అమ్మమ్మ చేసే వానసేమ్యా!"

వానసేమ్యా! ఆ మాట నేను విని ఎన్నేళ్ళయిందో. మా చిన్నతనంలో వాన గట్టిగా పట్టిన రోజున అమ్మ సేమ్యా ఉడికించి వార్చి, వేయించిన ఉల్లిపాయలూ వెల్లుల్లీ, చింతపండు పులుసూ, దోరగా వేయించిన శనగపిండీ వేసి చేత్తో కలిపి మాకు పెట్టేది. మరే ఇంట్లోనూ అలా చేసేవారు కాదు. స్నేహితులొస్తే నేను గిన్నె దాచేసేవాణ్ణి, మా అమ్మకి వంట రాదనుకుంటారని. అమ్మ మాకు వడ్డించి, తను పెరుగన్నం తినేది.

వాడి చేతిలోంచి ఒక ముద్ద తీసుకుని నోట్లో వేసుకున్నాను. సేమ్యా కాదు, శనగపిండీ లేదు. కాని ఆ వేగిన వెల్లుల్లీ, ఆ పులుపూ, ఆ కలపడమూ అమ్మవే. కళ్ళు చెమర్చాయి. కారం అనుకున్నాడో ఏమో, బండి అబ్బాయి గ్లాసుడు చారు పోసి ఇచ్చాడు.

మా అమ్మ రంగంలో పుట్టిందని నాకు తెలియకపోలేదు. మా శ్రీకాకుళం వైపు రంగూన్‌ని రంగం అంటారు. ఆ రోజుల్లో రంగం వెళ్ళినవాళ్ళు లేని ఊరు ఉండేది కాదు. కాని నాకది జాతకంలో రాసుకునే పుట్టిన ఊరి పేరు మాత్రమే. పదిహేనేళ్ళు ఈ వీధి పక్కనుంచీ నడిచాను. అమ్మ వంట ఇక్కడుందని తెలుసుకోవడానికి ఈ పిల్లవాడు రావలసి వచ్చింది.

అక్కణ్ణుంచే మా చెల్లెలికి ఫోను చేశాను. విషయం చెబితే అదేమీ ఆశ్చర్యపోలేదు.

"రంగంలో తిండే అన్నయ్యా అది. మనకి ఆ నూడిల్సు ఎక్కడ దొరుకుతాయి? సేమ్యాతో సరిపెట్టుకుంది అమ్మ."

"నాకెప్పుడూ చెప్పలేదేమే?"

"నువ్వు ఏనాడైనా వంటింట్లో కూచున్నావా, చెప్పడానికి? నేను ఉల్లిపాయలు తరుగుతూంటే చెప్పేది."

1941 డిసెంబరు 23న జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. ఆ తరవాతి నెలల్లో 4 లక్షలకు పైగా మనవాళ్ళు బర్మా విడిచి వచ్చారని చరిత్రకారులు అంటారు. ఓడ దొరికినవాళ్ళు ఓడలో, దొరకనివాళ్ళు కాలినడకన. ఇంతవరకూ నేను పుస్తకాల్లో చదివాను. అమ్మకి అప్పుడు పదేళ్ళనీ, ప్రోము మీదుగా కొండలు దాటి నడిచివచ్చారనీ, దారిలో కలరా తగిలి ఆవిడ తమ్ముడు పోయాడనీ మా చెల్లెలు చెబితేనే తెలిసింది. వాడికి ఈ తిండి ప్రాణమట. అందుకే అమ్మ కలిపేది, వడ్డించేది, తను తినేది కాదు.

తిరుగు రైల్లో మావాడు చాలాసేపు మాట్లాడలేదు. పార్కు స్టేషను దాటాక అడిగాడు:

"తాతయ్యా, ఆ అబ్బాయి పేరేమిటి?"

"ఏ అబ్బాయి?"

"తాతమ్మ తమ్ముడు."

మళ్ళీ ఫోను చేశాను. మా చెల్లెలికీ తెలియదు. అమ్మ "తమ్ముడు" అనేదే గాని, పేరు ఎత్తేది కాదట. అమ్మ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. అమ్మమ్మా తాతయ్యా అంతకు ముందే పోయారు. ఆ పేరు తెలిసిన మనిషి ఇక ఎవరూ లేరు.

"తెలియదురా" అన్నాను. వాడికి ఆ నాలుగు రోజుల్లో నేను తిన్నగా చెప్పిన జవాబు అదొక్కటే.

ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ వాడి చొక్కామీద ఎర్రమరక చూసి, "ఏం తినిపించారు?" అంది. "మా అమ్మ వంట" అన్నాను. నావంక వింతగా చూసింది గాని, ఏమీ అనలేదు. వాడి కడుపుకేమీ కాలేదు.

మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసుతో వరండాలో కూచున్నాను. వాడొచ్చి పక్కన చతికిలబడి, "తాతయ్యా, నీ చిన్నప్పుడు తాతమ్మ ఇంకా ఏమేం వండేది?" అన్నాడు.

"తరవాత" అనబోయి, నోరు మూసుకున్నాను. గ్లాసు కింద పెట్టి, మొదటినుంచీ చెప్పడం మొదలెట్టాను.