చెరకు ఊరి ఆకుపచ్చ చొక్కా

మిల్లులో క్రషింగ్ మొదలైందంటే సకాతెపెక్‌లో ఆరేసిన బట్టల మీద నల్లటి మసి రాలుతుంది. కోతకు ముందు చెరకు తోటకు నిప్పు పెడతారు. ఎండుటాకు కాలిపోయి, పాములూ పురుగూ పుట్రా పారిపోతే కత్తికి పని తేలికవుతుంది. ఆ కాలిన ఆకు పొరలే గాలికి లేచి ఊరి మీదికొస్తాయి. నవంబరు చివర మొదలై మే దాకా ఇదే వరస. లారీ వెనక లారీ, రోడ్డు పొడవునా జారిపడ్డ గడలు, ముక్కుకు పట్టే మడ్డి వాసన. గెర్రేరో కొండల నుంచి, వహాకా నుంచి పిల్లాపాపలతో వలసొచ్చిన కోత కూలీలు ఆ ఆరు నెలలూ షెడ్లలోనే సంసారం చేస్తారు.

మెక్సికో నగరం నుంచి దక్షిణానికి కొండలు దిగుతూ వస్తే మొరెలోస్ రాష్ట్రం. రాజధాని క్వెర్నవాకా చల్లని చోటు. అది దాటి ఇంకా కిందికి, సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తుకు వచ్చేసరికి గాలి బరువెక్కుతుంది, ఒళ్లంతా చెమటలు పడతాయి. అక్కడుంది సకాతెపెక్. మునిసిపాలిటీ అంతా కలిపినా 36 వేల జనం. ఒక చక్కెర మిల్లు, ఒక సాంకేతిక విద్యాసంస్థ, ఒక సంత, దాదాపు కలిసిపోయినట్టుండే పొరుగూరు హోహుట్లా. ఇంత చిన్న ఊరి ఫుట్‌బాల్ జట్టు మెక్సికోలో దేశ చాంపియన్ అయింది. అదీ రెండుసార్లు, 1955లోనూ 1958లోనూ.

ఈ విజయం వెనక చెరకు కథ ఉంది. అది చెప్పకుండా ఈ జట్టు గురించి చెప్పడం కుదరదు.

ఈ లోయలకు చెరకును తెచ్చింది స్పానిష్ సేనాని ఎర్నాన్ కోర్తేస్. ఆ తర్వాత నాలుగు వందల ఏళ్లు ఇక్కడ నీరూ నేలా హసియెండాలవి, అంటే జమీందారీ ఎస్టేట్లవి. ఊరికి దగ్గర్లో తెకెస్కితెంగో అనే చెరువుంది. సెలవు రోజుల్లో జనం పడవల్లో షికారు చేస్తారు. ఆ నీటి అడుగున ఒక పల్లె, దాని చర్చి ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దంలో హసియెండా వదిలిన చెరకు మళ్ల మురుగునీరే ఆ పల్లెను ముంచిందని ఈ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటారు. పొలాలు పోగొట్టుకున్న అలాంటి పల్లెల నుంచే, ఇక్కడికి కాస్త దూరంలోని అనెనెకుయిల్కో నుంచి, ఎమిలియానో జపాటా లేచాడు. 1911లో ఆయాలా ప్రణాళిక ప్రకటించి, భూమి దున్నేవాళ్లకు తిరిగి రావాలన్నాడు. 1919 ఏప్రిల్ 10న చినమేకా హసియెండా గేటు దగ్గర అతన్ని నమ్మించి కాల్చి చంపారు.

తర్వాత ఇరవై ఏళ్లకు అధ్యక్షుడు లాసారో కార్దెనాస్ ఆ పేరునే ఈ ఊరి మిల్లుకు పెట్టాడు. 1938 ఫిబ్రవరిలో మొదలైన ఎమిలియానో జపాటా మిల్లుకు యజమానులు రైతులూ కార్మికులూ కలిసిన సహకార సంఘం. పాలకమండలికి మొదటి అధ్యక్షుడు రూబెన్ హరమీయో. పదిహేనేళ్ల వయసుకే జపాటా దళంలో చేరినవాడు. మిల్లు తమది అనుకున్న రైతుల ఆనందం ఎక్కువ కాలం నిలవలేదు. మేనేజరును ప్రభుత్వమే నియమించేది, చెరకు తూకంలోనూ ధరలోనూ పేచీలు ముదిరాయి. 1942లో హరమీయో సమ్మెకు వెన్నుదన్నుగా నిలిచి, ఆ తర్వాత ఆయుధం పట్టి కొండలెక్కాల్సి వచ్చింది. క్షమాభిక్ష తీసుకుని ఇంటికి చేరిన మనిషిని 1962 మే 23న సైనికులు పట్టుకుపోయి, గర్భవతి అయిన భార్యతో, ముగ్గురు కొడుకులతో సహా షోచికాల్కో శిథిలాల దగ్గర కాల్చేశారు. సకాతెపెక్ చక్కెర తీపి గురించి రాసేవాళ్లెవరూ ఈ సంగతి దాటేయకూడదు.

క్లబ్బు పుట్టింది మిల్లు మొదలైన ఏటికీ హరమీయో హత్యకూ మధ్య, 1948లో. మిల్లు కార్మికుల జట్టే ఎదిగి ప్రొఫెషనల్ జట్టయింది. చొక్కా రంగులు ఆకుపచ్చ, తెలుపు. అభిమానులు పిలిచే పేరు ‘కాన్యెరోస్’, చెరకువాళ్లు. ఖర్చు మిల్లుదే. మెక్సికోలో రెండో డివిజన్ మొదలైంది 1950లో. ఆ మొదటి పోటీలోనే గెలిచి సకాతెపెక్ 1951లో పై డివిజన్‌కు వెళ్లింది.

అప్పటి కోచ్ ఇగ్నాసియో త్రెయ్యెస్. కాలు విరిగి ఆట మానుకున్న ఆటగాడు, ముప్పై అయిదేళ్లు కూడా నిండనివాడు, తొలిసారిగా ఇక్కడే ఒక జట్టు బాధ్యత తీసుకున్నాడు. తర్వాత క్వెర్నవాకాలోని మార్తే జట్టును 1954లో చాంపియన్ చేసి, తిరిగి వచ్చి మరుసటి ఏడే సకాతెపెక్‌ను చాంపియన్ చేశాడు. రెండో డివిజన్ నుంచి ఎక్కొచ్చి దేశ టైటిల్ గెలిచిన తొలి క్లబ్బు ఇదే. 1957లోనూ 1959లోనూ, లీగ్‌తో సంబంధం లేకుండా జరిగే దేశ కప్పు కూడా ఈ ఊరికే వచ్చింది. ‘దోన్ నాచో’ అని దేశమంతా గౌరవంగా పిలిచిన ఆయన మొత్తం ఏడు లీగ్ టైటిళ్లు గెలిచాడు, వెయ్యికి పైగా మ్యాచ్‌లకు కోచ్‌గా నిలబడ్డాడు. ప్రపంచకప్‌లో మెక్సికో తొలి గెలుపు, 1962లో చెకోస్లొవేకియా మీద 3-1, ఆయన చేతి మీదుగా వచ్చిందే. 2020లో 103 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన పెద్దరికం గురించి మాట్లాడేవాళ్లు క్రూస్ అసూల్ క్లబ్బు, జాతీయ జట్టు అంటారు గానీ, ఆయన పని నేర్చుకున్నది ఈ చెరకు ఊళ్లో.

ఇంకొకడు రౌల్ కార్దెనాస్. అధ్యక్షుడికీ ఇతనికీ చుట్టరికం లేదు, ఇంటిపేరు ఒకటే. సకాతెపెక్ మధ్యభాగాన్ని మోసిన ఆటగాడు. 1970లో సొంత గడ్డ మీద జరిగిన ప్రపంచకప్‌లో మెక్సికోను క్వార్టర్ ఫైనల్‌కు తీసుకెళ్లిన కోచ్ అతనే. ఇతనూ త్రెయ్యెసూ, ఇద్దరూ తర్వాత చేరి టైటిళ్లు గెలిపించిన క్రూస్ అసూల్ కూడా ఒక సహకార సంఘం జట్టే. అది సిమెంటు కార్మికులది. ఇది కాకతాళీయమని నేననుకోను. జీతం ఇచ్చే యజమాని ఒక్కడు కాకుండా, పనిచేసేవాళ్లందరి వాటా ఉన్న చోట ఆటగాళ్లను పెంచే ఓపిక ఉంటుంది.

ఇక్కడ ఆడటమంటే పెద్ద జట్లకు భయం. మ్యాచ్ మిట్టమధ్యాహ్నం పెట్టేవారు. 2,240 మీటర్ల ఎత్తున, చల్లని గాలికి అలవాటైన రాజధాని ఆటగాళ్లు బస్సు దిగేసరికే నీరసించేవారు. చుట్టూ చెరకు తోటలు, మైదానం మీద కొలిమి ముందు నిలబడ్డట్టుండే వేడి. మిల్లులో బాయిలర్ల దగ్గర పనిచేసేవాళ్ల ఊరికి ఆ ఎండ ఒక లెక్కా? స్టేడియానికి అగస్తీన్ ‘కొరూకో’ డియాస్ అని క్లబ్బు ఆటగాడి పేరే పెట్టారు. ప్రేమగా పిలుచుకునే పేరు ‘చెరకు అడవి’.

1960ల నుంచి జట్టుకు నిలకడ పోయింది. కిందికి పడటం, మళ్లీ లేవడం. 1963, 1970, 1978, 1984లో రెండో డివిజన్ గెలిచి మళ్లీ మళ్లీ పైకొచ్చింది. 1951 నాటిదీ కలిపితే అయిదుసార్లు. 1985లో దిగిన తర్వాత ఇప్పటిదాకా పై డివిజన్ మొహం చూడలేదు. ఈలోగా మిల్లు తలరాతా మారింది. ప్రభుత్వం మిల్లులను ప్రైవేటువాళ్లకు అమ్మేసింది. చెరకు బకాయిలు పేరుకుపోయాక 2001లో 27 మిల్లులను తిరిగి స్వాధీనం చేసుకుంది. అందులో ఇదీ ఒకటి. రైతుకు బిల్లు ఎప్పుడొస్తుందో తెలియని మిల్లు ఫుట్‌బాల్ జట్టును ఏం పోషిస్తుంది?

అప్పటి నుంచీ ఈ ఊళ్లో ఫుట్‌బాల్ లైసెన్సుల మీద బతికింది. మెక్సికోలో డివిజన్‌లో ఆడే హక్కును కొనొచ్చు, అమ్మొచ్చు, ఊరు మార్చొచ్చు. రాష్ట్ర ప్రభుత్వం కొరూకో స్టేడియాన్ని ఇరవై వేలకు పైగా సీట్లతో తిరగగట్టించింది. 2014లో బయటి నుంచి వచ్చిన లైసెన్సుతో రెండో డివిజన్ ఆట మళ్లీ మొదలైంది. 2017లో తెపిక్ ఊరి కోరాస్ జట్టు స్థానం ఇక్కడికి వచ్చింది. ఆ సెప్టెంబరు 19న భూకంపం వచ్చింది. తీవ్రత 7.1. హోహుట్లాలో వీధులకు వీధులే కూలాయి, సకాతెపెక్ ఇళ్లూ దెబ్బతిన్నాయి. ఆ కష్టకాలంలో ఆకుపచ్చ చొక్కాలు మైదానంలోకి రావడం జనానికి ఎంత ధైర్యమో వేరే చెప్పాలా?

2020లో మోరేలియా నగరంలోని పెద్ద జట్టును దాని యజమానులు మసత్లాన్ నగరానికి తరలించారు. ఖాళీ పడ్డ మోరేలియాకు జట్టు కావాలి. సకాతెపెక్ లైసెన్సు అక్కడికి వెళ్లిపోయింది. ఒక ఊరికి జరిగిన అన్యాయాన్ని పూడ్చడానికి, అంతకంటే చిన్న ఊరి నుంచి తీసుకున్నారు. తెపిక్ నుంచి సకాతెపెక్‌కు వచ్చినప్పుడూ ఒక ఊరి జట్టే ఇంకో ఊరికి పోయింది. అప్పుడు ఇక్కడ సంబరపడినవాళ్లకు తెపిక్ బాధ అర్థమైంది బహుశా ఇప్పుడే.

అదే ఏడు రెండో డివిజన్ పేరు మార్చి, పైకి వెళ్లే ప్రమోషన్‌ను కొన్నేళ్లపాటు నిలిపేశారు. కింది క్లబ్బుల ఆర్థిక స్థితి బాగుపడటానికేనని చెప్పారు. లెక్కల పుస్తకంలో అది సబబుగానే కనిపించొచ్చు. కానీ డబ్బున్న నగరాలతో పోటీపడటానికి ఇలాంటి ఊరికున్న దారి ప్రమోషన్ ఒక్కటే. 1951లో ఆ దారి మూసి ఉంటే త్రెయ్యెస్ ఎవరో మెక్సికోకు తెలిసేది కాదు. ఇప్పుడు కొరూకోలో ఆడేది ఇంకా కింది డివిజన్ల జట్లే. లైసెన్సు ఎవరి చేతికి మారినా, ‘కాన్యెరోస్’ పేరూ ఆకుపచ్చ రంగూ ఊరి ఆస్తిగా చట్టంలో రాయాలి. చెరకు పండించే రైతులకూ మిల్లు కార్మికులకూ వాటి గురించిన నిర్ణయాల్లో ఓటుండాలి.