రెండేళ్ల మూణ్నెల్లు

రెండో శనివారం, నాలుగో శనివారం బ్యాంకుకు సెలవు. శుక్రవారం రాత్రి నాగపూర్‌లో రైలెక్కితే తెల్లారేసరికి కాజీపేట. అక్కణ్నుంచి హన్మకొండలో ఇల్లు. గేటు చప్పుడయ్యేసరికి డెబ్బై నాలుగేళ్ల అమ్మ అరుగు మీదే ఉంటుంది. ఆదివారం సాయంత్రం మళ్లీ ప్రయాణం. ఆఫీసరు ఉద్యోగం కదా, ఎక్కడికి వేస్తే అక్కడికి పోవాల్సిందే.

అందుకే 2022లో జూనియర్ లెక్చరర్ల నోటిఫికేషన్ పడగానే, 37 ఏళ్ల వయసులో ఎం.కాం. పుస్తకాల దుమ్ము దులిపాడు. రాశాడు, సాధించాడు. 2025 మార్చిలో నియామక పత్రం చేతికొచ్చింది. ఇంటికి గంట దూరంలో కాలేజీ. అమ్మ వాడకట్టంతా మిఠాయిలు పంచింది.

ఆ రాత్రి అన్నాలయ్యాక భార్య తెల్లకాగితం ముందేసుకుంది.

'సంతోషమేనండీ. పింఛను సంగతి చూశారా?'

ఆమెకు తెలియని విషయమా! 2012 డీఎస్సీ టీచరు. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్లందరిలాగే సీపీఎస్. బేసిక్, డీఏ కలిపి నెలనెలా 10 శాతం కోత, అంతే మొత్తం ప్రభుత్వం కలుపుతుంది. ఆ సొమ్ము మార్కెట్లోకి పోతుంది. రిటైరైన నాడు 60 శాతం దాకా తీసుకుని, మిగతాదాంతో యాన్యుటీ కొనుక్కోవాలి. నెలకెంత వస్తుందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. దానికి డీఏ కూడా ఉండదు. వాళ్ల నాన్నది పాత పింఛను. డీఏ పెరిగినప్పుడల్లా అల్లుడికి ఫోన్ చేసి మరీ చెబుతాడాయన. అల్లుడికి సరదా, కూతురికి మంట!

ఇక అతనిది మూడో రకం. 2010 ఏప్రిల్ 1 నుంచి చేరినవాళ్లకే ప్రభుత్వ బ్యాంకుల్లో ఎన్‌పీఎస్. అతను 2007 జూన్‌లో చేరాడు కాబట్టి 1995 నాటి పింఛను నిబంధనలు వర్తిస్తాయి. 33 ఏళ్ల సర్వీసుంటే చివరి పది నెలల సగటు జీతంలో సగం, తక్కువైతే ఆ దామాషాలో. డీఏ ఉంటుంది. వేతన ఒప్పందాలు మారినా బేసిక్ పింఛను మారదన్న బాధ బ్యాంకు పెన్షనర్లకు ఎప్పట్నుంచో ఉన్నదే. ఆ మాటకొస్తే మామగారిదే మేలు.

మెలిక ఎక్కడంటే, ఈ నిబంధనల్లో స్వచ్ఛంద విరమణ వేరు, రాజీనామా వేరు. 20 ఏళ్లు నిండాక మూణ్నెల్ల నోటీసిచ్చి వెళ్తే పింఛను వస్తుంది. ఈలోపే రాజీనామా చేస్తే గత సర్వీసంతా గల్లంతు. గ్రాట్యుటీ, పీఎఫ్‌లో తను కట్టుకున్న సొమ్ము వస్తాయి. బ్యాంకు వాటా పింఛను నిధికే పోతుంది కనుక అదీ దక్కదు. అతని సర్వీసు 17 ఏళ్ల 9 నెలలు. ఇంకా రెండేళ్ల మూణ్నెల్లు తక్కువ. కాలేజీలో చేరడానికి అంత గడువెవరిస్తారు?

అదే జాబితాలో ఉన్న ఇంకో బ్యాంకు కుర్రాడు వారంలో రాజీనామా రాసిచ్చేశాడు. అతను చేరింది 2014లో. ఎన్‌పీఎస్ ఖాతా నంబరు ఉద్యోగంతోపాటే వెంట వస్తుంది, ఇక వెనక్కి చూసుకునేదేముంది! కేంద్ర ఉద్యోగులకైతే 2025 ఏప్రిల్ నుంచి ఏకీకృత పింఛను ఎంచుకునే వీలూ వచ్చింది. రాష్ట్ర లెక్చరర్‌కు అది పనికిరాదు.

'61 ఏళ్ల దాకా సర్వీసుంది. సీపీఎస్‌లోనూ బాగానే పోగవుతుందిలే' అన్నాడు.

'పోగయ్యేదెంతో నాకు తెలీదు. పోయేదెంతో మాత్రం తెలుసు' అందామె. కుటుంబ పింఛను సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరూ ఎత్తలేదు.

నాలుగు రోజులు కూడికలూ తీసివేతలూ సాగాయి. చివరికి చేరలేదు. ఆ కాగితం చూసినవాళ్లెవరూ అతన్ని తప్పుపట్టలేరు. అమ్మ ఆ కాగితం చూడలేదు.

'పైసలు లెక్కవెట్టుకున్నరు బిడ్డా, మంచిదే. నా ఏండ్లు గూడ లెక్కవెట్టిన్రా?' అంది.

అతను జవాబు చెప్పలేదు. ఆ తర్వాత్నుంచి నెలకు మూడుసార్లు వస్తున్నాడు. మూడోసారి ఒక్క ఆదివారమే. పొద్దున దిగి, సాయంత్రానికి మళ్లీ రైలు.