గుర్రంకొండ క్రింద

మొన్నటి వేసవిలో మేము మదనపల్లె నుండి గుర్రంకొండ జూడబోయితిమి. హైదరాలీ, టిప్పుసుల్తానుల యేలుబడి జూచిన కోట పైని, రంగిన్ మహల్ దిగువను గలవు. అయినను మా మనస్సు బాటప్రక్కను పారబోసిన టమోటాల రాశికడనే నిలిచిపోయెను. కోతకూలికైనను ధర రాలేదని యొక కాపుటిల్లాలు కన్నీరు దుడుచుకొనెను. సరకు నాల్గుదినములు నిలిచిన, మంచిధరకు వేచియుండవచ్చును గదా!

ఢిల్లీ వ్యవసాయ పరిశోధనాసంస్థవారు రూపొందించిన చల్లగదిని గూర్చి మే మామెకు జెప్పితిమి. నీడపట్టున నిటుకలు పఱచి, చుట్టును జంటగోడ గట్టి, నడుమ 3 అంగుళముల సందున నిసుక నింపి, పైని తడిగోనె గప్పి, రెండుపూటల నీరు చల్లవలెను. కూజాలోవలెనే నీరావిరియగుచు వేడిని గొనిపోవును. పొడివేసవిలో లోన 10 డిగ్రీలకుపైగా చల్లబడును, విద్యుత్తక్కఱలేదు. సుమారు 100 కిలోల కాయలు పట్టును.

ఆమె విని, “నీళ్ళు యాడ తెచ్చేదమ్మా?” యనెను. బిందెల వరుస మాకును గానవచ్చుచునే యుండెను. సిగ్గుపడి, కూరలు కడిగిన నీరైనను బోయవచ్చునంటిమి.

ఆమె క్షణమాలోచించి, “ఇటికలు మా దొడ్లో ఉండాయిలే” యనెను.