ఒకటి చేయి.. ఒకటి గోడ!

సూర్యాపేటలో ఆగి టీ తాగడం, కోదాడ దాటి బెజవాడ మీదుగా సముద్రం చూసిరావడం మావైపు వాళ్లకు అలవాటే. ఈసారి నాతోపాటు ఓ ప్రశ్న కూడా బస్సెక్కింది. 'మామయ్యా, స్పిట్‌కీ బ్యారియర్ ఐలాండ్‌కీ తేడా ఏంటి? రెండూ సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బలేగా!'... మిర్యాలగూడలో చదువుకుంటున్న మా మేనల్లుడి సందేహమది.

మొదటిది కాకినాడలో దొరికింది. పడవెక్కితే హోప్ ఐలాండ్. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. గోదావరి తెచ్చి పోసిన ఇసుకను ఏటవాలుగా తాకే అలలు ఉత్తరానికి నెడుతుంటాయి. తీరం లోపలికి వంపు తిరిగినా ఇసుక తిరగదు. తిన్నగా ముందుకే సాగి, నీళ్లలో పేరుకుంటుంది. అలా 200 ఏళ్లలో పెరిగిందట ఈ తిన్నె! డెల్టా దగ్గర భుజం ఉంచి, సముద్రంలోకి చాచిన చేయి అనుకోండి. పేరుకే ఐలాండ్, పుట్టుక మాత్రం స్పిట్. తుపాను వేళ పెద్ద అలలు ముందు దీన్నే తాకుతాయి. కాకినాడ దాని చాటున ఉంటుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టుకునేదీ ఈ ఇసుకలోనే.

రెండోదానికి సూళ్లూరుపేట దాకా వెళ్లాలి. పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోయే రోడ్డు, చలికాలమైతే ఫ్లెమింగోలు.. ఆ చివర శ్రీహరికోట. రాకెట్ల గురించి అందరం మాట్లాడుకుంటాం, అవి ఎగిరేది ఓ ఇసుక దీవి మీంచి అన్న సంగతే గుర్తురాదు. వెనక ఉప్పునీటి సరస్సు, ముందు బంగాళాఖాతం. ఇది నేలను పట్టుకున్న చేయి కాదు, తీరానికి సమాంతరంగా నిలిచిన గోడ. సముద్రపు నీరు సరస్సులోకి వచ్చేది గోడ పక్కనున్న ముఖద్వారాల్లోంచే. అవి ఇసుకతో పూడిపోతే జాలర్ల వలల్లో చేప తగ్గుతుంది.

తిరిగొచ్చాక మేనల్లుణ్ని వాడపల్లి తీసుకెళ్లాను. సూర్యాపేట పక్కనుంచి వచ్చే మూసీ, కృష్ణలో కలిసేది ఇక్కడే.

'ఈ ఇసుక కూడా సముద్రానికి వెళ్తుందా మామయ్యా?'

ఒకప్పుడు వెళ్లేదిరా, అన్నాను. హంసలదీవి వైపు కృష్ణ సముద్రంలో కలిసే చోట కూడా ఇలాంటి ఇసుక చేతులున్నాయి. కానీ దారిలో పులిచింతల, ఆ తర్వాత ప్రకాశం బ్యారేజీ. ఇసుక అక్కడే ఆగుతోంది. కొంత అంతకుముందే లారీలెక్కుతోంది. కొత్త ఇసుక అందని డెల్టా అంచును సముద్రం కోసేస్తోందని పరిశోధకులు ఏళ్లుగా చెబుతున్నారు.

వాడు నోట్సులో చేయి, గోడ బొమ్మలు వేసుకున్నాడు. కాసేపాగి, చేతి వెనకాల ఓ నది గీశాడు. దానికి అడ్డంగా రెండు గీతలు పెట్టాడు.