వెన్నుపాములోని కంతి

పసిబిడ్డల వెన్నుపాము లోపల పుట్టు కంతిని తీయుటకు వైద్యులు చిరకాలము జంకిరి. 1887లో లండను నగరమున విక్టర్ హార్స్‌లీ తీసిన కంతి వెన్నుపామును వెలుపలినుండి యదుముచుండినది, రోగియు పెద్దవాడు. లోపలి కంతియైనచో చిన్న ముక్కను పరీక్షకు తీసి, కిరణచికిత్సకు పంపుటయే వాడుక. 1980 దశకమున న్యూయార్కులో ఫ్రెడ్ ఎప్‌స్టీన్ పిల్లలలో నట్టి కంతులను చాలవరకు తీయవచ్చునని చూపెను.

ఈ సంగతు లన్నియు మా చెల్లెలి కుమారుని మూలమున నేను తెలిసికొన్నవి. ఏడేండ్ల బాలుడు. రెండు మాసములు అర్ధరాత్రమున వెన్ను నొప్పియని లేచి యేడ్చెను. తెల్లవారగనే యాటలకు పోవుచుండుటచే నెవరును లెక్కసేయరైరి. "ఎదిగెడు పిల్లవానికి నొప్పులు రావటే!" యని నాయనమ్మ దిష్టి తీసినది. పిమ్మట గడప దాటుచు తూలసాగెను. ఎన్నడో మానిన పక్క తడుపుట మరల మొదలయ్యెను. దీనికి మాత్రము చీవాట్లు దక్కినవి. బడిపంతులు భార్యనగుటచే చెప్పుచున్నాను, పిల్లలు తమ వశమున లేనివానికే యెక్కువగా దండన పొందుదురు. ఈ మూడింటిని ఒకచోట జేర్చి వైద్యునికి చెప్పినది మా చెల్లెలే. ఎం.ఆర్.ఐ. చిత్రమున కంతి కనబడెను.

"నడచుచున్న బిడ్డను కత్తికెట్లు అప్పగింతును? కాళ్లు పడిపోయినప్పుడు చూతము" అని మా మరిది పట్టుపట్టెను. శస్త్రవైద్యుడు ఆయనను చెంత కూర్చుండబెట్టుకొని, చికిత్సనాటికి కాళ్లలో నెంత బలముండునో పిదప నిలుచునదియు ప్రాయికముగా నంతయే యనియు, పోయిన బలమును కత్తి తేజాలదనియు చెప్పెను. ఆ మాటతో నాయన సమ్మతించెను.

వెన్నెముక వెనుకటి యెముకలను మూతవలె నెత్తి, సూక్ష్మదర్శినిలో చూచుచు వెన్నుపామును నడుమగా విప్పుదురు. చెవికి వినరాని ధ్వనితరంగములతో కంతిని చితిపి పీల్చివేయు పరికరము గలదు. అంతసేపును మెదడునుండి కాళ్లకు విద్యుత్సంకేతములు పోవుచున్నవో లేదో చూచుచు, అవి సన్నగిల్లినచో చేయి నిలిపెదరు. అందుచే కొంత కంతి మిగిలినను మిగులును. తుదకు ఎత్తిన యెముకలను యథాస్థానమున నమర్చుదురు.

వారము దినములు బాలుని కుడికాలు కదలలేదు. ఇట్లు కావచ్చునని ముందే చెప్పియుండిరి. ఐనను చెల్లెలు అన్నము ముట్టలేదు. పిమ్మట మెల్లగా కదలిక వచ్చెను. ఇప్పుడు గోడ పట్టకయే నడచుచున్నాడు, పరుగు మాత్రము మునుపటివలె లేదు.

పిల్లలలో నిట్టి కంతులు పెక్కు మెల్లగా పెరుగునవే. మిగిలినది మరల పెరుగునేమో యని యేండ్ల తరబడి చిత్రములు తీయుచు, వెన్ను వంగుచున్నదేమో యని యెదుగు వయసు ముగియువరకు పరీక్షించుచుందురు.