మిరపకట్టె

మా అమ్మ చుట్ట ముట్టించి ఎరగదు. మా పల్లెలో ఆమె ఈడు ఆడవాళ్ళు చానామంది తాగేవాళ్ళు. అమ్మకి ఆ వాసనే గిట్టదు. 2008లో గుంటూరులో ఒక డాక్టరు ఆమె ఛాతీ ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూసి, అమ్మని కాదు, నన్నడిగాడు: "ఈమె రోజుకి ఎన్ని చుట్టలు తాగుద్ది?" తాగదండీ అన్నాను. నమ్మలేదు. "వీళ్ళు చెప్పరమ్మా" అన్నాడు. వీళ్ళంటే ఎవరో నాకు తెలుసు. నేను ఇంగ్లండు నుంచి వచ్చినదాన్ని, మంచి చీర కట్టుకునున్నాను, అందుకని నన్ను ఆ వీళ్ళలో కలపలేదు. అమ్మ మాత్రం బల్ల మీద కూచుని పిల్లిలాగా కూతపెడతా ఊపిరి లాక్కుంటంది.

నేను నర్సుని. మిషను ఆసుపత్రిలో చదువుకుని 2002లో బర్మింగ్‌హామ్ వచ్చాను. ఊపిరితిత్తుల వార్డులోనే ఎక్కువ కాలం చేశాను. అమ్మది ఏం జబ్బో ఎక్స్‌రే చూడకుండానే చెప్పగలను. జన్మలో పొగాకు ముట్టని ఆడదానికి కూడా ఆ జబ్బు వస్తది, పొయ్యిపొగ వల్ల. పుస్తకాల్లో ఉంది. ఆ డాక్టరు పుస్తకంలోనూ ఉండే ఉంటది. 2009లో సంక్రాంతి వెళ్ళిన వారానికి అమ్మ పోయింది.

ఇప్పుడు ఇదంతా ఎందుకు ఎత్తుకున్నానంటే, 2022లో చలికాలం ముందు మా ఇంట్లో ఒక కట్టెల పొయ్యి పెట్టించాం. వంటకి కాదు, చలికి. ఆ ఏడు ఇక్కడ గ్యాసు, కరెంటు బిల్లులు మండిపోయినయ్. మాది పాత ఇల్లు. ముందుగది గోడలో ఎప్పటిదో బొగ్గుపొయ్యి గూడు, దాని మీద పొగగూడు ఉన్నయ్. ఏముందిలే, నాలుగు కట్టెలేసి ముట్టిస్తే సరి అనుకున్నా. కట్టెల సంగతి నాకింకొకరు చెప్పాలా?

కొట్టువాడు చెప్పాడు. వాడు మొదట అడిగింది ఎంతలో కావాలని కాదు, మా ఇల్లు ఎక్కడని. బర్మింగ్‌హామ్ ఊరు ఊరంతా పొగ కట్టడి ప్రాంతం. పొగగూట్లోంచి చెప్పుకోదగ్గ పొగ వచ్చిందంటే ఇంటివాళ్ళదే తప్పు. 175 నుంచి 300 పౌండ్ల దాకా జరిమానా వెయ్యొచ్చని 2022లోనే కొత్త పద్ధతి వచ్చింది. తెరిచి ఉన్న పాతగూట్లో కట్టె కాల్చకూడదు. కాల్చాలంటే, పరీక్షలో నెగ్గి సర్కారు మినహాయింపు జాబితాలో ఎక్కిన పొయ్యే కావాలి. ఆ జాబితాలో పేరు చూపించి మరీ అమ్మాడు.

పోత ఇనుముది, అద్దం తలుపుది, అయిదు కిలోవాట్లది తీసుకున్నాం. పెద్దది కొంటే ఎక్కువ వేడి వస్తది కదా అన్నాడు మా ఆయన. గదికి మించింది కొంటే వేడి తట్టుకోలేక గాలి బిగిస్తారు, గాలి బిగిస్తే కట్టె కాలకుండా మగ్గుద్ది, మగ్గితే పొగ అన్నాడు కొట్టువాడు. మేం కొన్న రకంలో గాలిమీట పూర్తిగా మూసుకుపోకుండా అడ్డు పెట్టారు. మనం మూద్దామన్నా మూసుకోదు. కింద నుంచి వచ్చే గాలి కట్టెని మండిస్తది. పై నుంచి కాగి దిగే గాలి పొగనే మండిస్తది. పొగ కూడా మండేదేనని నాకు యాభై ఏళ్ళు దాటినాక తెలిసింది. మా అమ్మ అంత మంటని, అంత వేడిని ఊపిరితిత్తుల్లోకి పీల్చి పారేసిందన్నమాట.

మిరపకట్టె పొగ ఎట్టుంటదో తెలియనివాళ్ళకి చెప్పాలి. మాది సత్తెనపల్లికి దగ్గర, అప్పుడు గుంటూరు జిల్లా, 2022 నుంచి పల్నాడు జిల్లా. పత్తి, మిరప పండే నేల. కోతలన్నీ అయినాక మిరపచెట్లు చేలో ఎండి నిలబడి ఉంటయ్. ఆసామి పెద్దమనసు చేసుకుని "పీక్కోపోండే" అనేవాడు. అది మాకు దానం. మా ఆడవాళ్ళు మూడ్రోజులు నడుములు వంచి చేను చేనంతా శుభ్రం చేసిస్తే ఆయనకి కూలి డబ్బులు మిగిలేవి, మాకు కట్టె మిగిలేది. ఆ కట్టెకి తాలుకాయలు అక్కడక్కడ అంటుకునుంటయ్. ఏడాది పొడుగునా కొట్టిన పురుగుమందూ అంటుకునే ఉంటది. పొయ్యిలో పెడితే కళ్ళల్లో కారం కొట్టినట్టే. పిల్లలం బయటికి ఉరికేవాళ్ళం. అమ్మ ఉరికేది కాదు. అన్నం వార్చాలిగా. ఒకటే గది, తాటాకు కప్పు, కిటికీ లేదు. నిట్టాడి, వాసాలు తారు పూసినట్టుండేవి. ఊదుగొట్టంతో ఊది, దగ్గి, కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఊదేది.

హైస్కూల్లో ఊళ్ళోపిల్లలు నా పక్కన కూచునేవాళ్ళు కాదు. "దీని గౌను పొగకంపు" అనేవాళ్ళు. కులం పేరెత్తాల్సిన పని కూడా ఉండేది కాదు, పొగ అంటే సరిపోయేది.

నేను ఏడో తరగతిలో ఉండగా కోతలప్పుడు మా ఆడవాళ్ళు కూలి ఒక్క రూపాయి పెంచమన్నారు. పెద్ద గొడవేం కాదు, రెండ్రోజులు పనికి పోలేదంతే. ఆసామి రూపాయి ఇచ్చాడు. కోతలయ్యాక మాత్రం కట్టె పీక్కోనీయలేదు. చేలోనే నిప్పెట్టించాడు. పొగ లేచి మా మాదిగపల్లె మీదికీ వచ్చింది, గాలి తిరిగి ఊరి మీదికీ పోయింది. ఆ ఒక్కరోజు ఊరు కూడా దగ్గింది. పెద్దమనుషులు ఆసామి ఇంటికి పోయి, "ఇదేం పనయ్యా, పసిపిల్లలు ఉక్కిరిబిక్కిరైపోతంటే" అని తగువేసుకున్నారంట. పసిపిల్లలు! మా పల్లెలో పసిబిడ్డలు ఉన్నట్టు ఏ పెద్దమనిషికీ ఎప్పుడూ గుర్తు రాలేదు. ఆ ఏడంతా అమ్మ పత్తికంప, తాటిమట్టలు, పిడకలు, ఏది దొరికితే అది కాల్చింది.

ఇక్కడ కొట్టువాడు కట్టె గురించి చెప్పింది వింటుంటే ఇవన్నీ వరసగా గుర్తొచ్చినయ్. కట్టెలో తేమ నూటికి ఇరవై పాళ్ళు మించకూడదు. కొద్దికొద్దిగా కొనుక్కునేవాళ్ళకి ఆ లెక్కన ఎండినట్టు ముద్రున్న కట్టే అమ్మాలని ఇంగ్లండులో 2021 నుంచి నిబంధన. పచ్చికట్టె తెస్తే చీల్చి, పైన కప్పేసి, పక్కలనుంచి గాలి తగిలేటట్టు పేర్చి, ఏడాదో రెండేళ్ళో ఆగాలి. ఆగాలంటే ముందు కొట్టం ఉండాలి. కొట్టానికి జాగా ఉండాలి. ఆ రెండేళ్ళూ కాల్చుకోవడానికి వేరే కట్టె ఉండాలి. మా అమ్మ పొద్దున ఏరినది సాయంత్రం కాల్చేది. వానాకాలంలో కట్టెని మంచం కింద దాచి, పిల్లల్ని తడిసే మూలన పడుకోబెట్టేది.

ఎండిన కట్టె విలువ మా నాయనకి తెలియక కాదు. ఆసామి ఇంటికి వేప మొద్దులు, తుమ్మ మొద్దులు చీల్చేది ఆయనే. చీల్చి కొట్టంలో పేర్చేవాడు. నిరుటి కట్టె ముందు వాడాలి, ఈ ఏటిది వెనక పేర్చాలి. వాళ్ళ వంటింటికి పొగగూడుంది. నాయన చీల్చిన కట్టె ఆ వంటింట్లోకి పోయేది. నాయన పెరటి గడప దాటేవాడు కాదు.

ఇంత తెలిసిన నేను చేసిన పని చూడండి. నాతో పనిచేసే ఒకామె పెరట్లో చెట్టు కొట్టించి, కట్టె కావాలంటే పట్టుకుపో అంది. ఊరికే వచ్చే కట్టె అంటే నాకు ఇప్పటికీ మనసాగదు. కారులో నింపుకుని వచ్చా. వారం రోజులు వసారాలో పెట్టి పొయ్యిలో పెట్టాను. కట్టె కొసల నుంచి నీళ్ళు బుసబుసమన్నయ్. మంటలో ఉన్న వేడంతా ఆ నీళ్ళు మరగడానికే పోయింది. గంటలో అద్దం నల్లబడింది. బయట ఏమవుతందో నేను చూసుకోలేదు.

పక్కింటి ముసలామె తలుపు కొట్టింది. తెల్లామె. "మీ పొగగూడు బాగా పొగొస్తంది" అంది. నిజం చెబుతున్నా, ఒళ్ళు మండింది. ఏడు సముద్రాలు దాటి వచ్చినా పొగకంపని చెప్పడానికి ఒకరు తయారు అనుకున్నా. ఏదో అనబోయా. ఆమె గడపలో నిలబడి రొప్పుతంది. ఆ రొప్పు ఏందో నాకు తెలుసు. లోపలికి పిలిచి కూచోబెట్టా.

1952 డిసెంబరులో ఆమెకి ఎనిమిదేళ్ళంట, లండన్‌లో ఉండేవాళ్ళంట. ఆ నెల 5 నుంచి 9 దాకా ఇళ్ళ బొగ్గుపొయ్యిల పొగ, కరెంటు కర్మాగారాల పొగ మంచుతో కలిసి ఊరి మీద కూచుంది. నాలుగు వేలమంది చచ్చారని అప్పటి లెక్క. తరవాత లెక్కేసినవాళ్ళు పన్నెండు వేల దాకా ఉంటారన్నారు. 1956లో శుభ్రమైన గాలి చట్టం తెచ్చారు. పొగ కట్టడి ప్రాంతాలు అప్పటినుంచి వచ్చినవే. వాళ్ళ అమ్మ ఆమె మూతికి తడిగుడ్డ కట్టి బడికి పంపేదని చెప్పింది. చెప్పి, టీ తాగి, ఆ కట్టె ఇంకో రెండేళ్ళు ముట్టుకోకు అని పోయింది.

ఆమె పోయినాక నేను పొయ్యి ముందు చానాసేపు కూచున్నా. లండన్ పొగ జరిగిన మరుసటేడే, 1953లో, హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో పనిచేసిన ఎస్.పి. రాజు గారు పొగలేని వంటిళ్ళ మీద పుస్తకం వేశారు. పొగగూడున్న మట్టిపొయ్యి తయారుచేసింది మనవాళ్ళే. తెలివి లేక కాదు మరి. అక్కడది చట్టమైంది, మన దగ్గర సలహాగా మిగిలింది.

ఆ సలహా మా పల్లెకి 1987లో వచ్చింది. 1983 చివర కేంద్రం మొదలుపెట్టిన మెరుగైన పొయ్యిల పథకం. రెండు గుంటల పొయ్యి, సిమెంటు గొట్టం. గొట్టం కప్పు దాటి పైకి పోవాలి. తాటాకు కప్పుకి నిప్పురవ్వ తగిలితే వరస వరసంతా బూడిదే. వచ్చినాయన గుడిసెలో అడుగు పెట్టలేదు. వీధిలో కుర్చీ వేయించుకుని ఎన్ని పొయ్యిలో రాసుకుని పోయాడు. పనివాళ్ళు గొట్టాన్ని గోడలోంచి పక్కకి తిప్పి వదిలేశారు. ఎదురుగాలి కొడితే పొగ మళ్ళీ ఇంట్లోకే. రెండు నెలలకి మసి పూడుకుపోయింది. ఎట్టా తుడవాలో చెప్పినోడు లేడు. అమ్మ గొట్టం పీకి కోళ్ళగూటికి వేసుకుంది. తరవాత ఇంకొకాయన వచ్చి చూసి, "ఈళ్ళకి ఎన్ని ఇచ్చినా ఇంతే" అన్నాడు. 2002లో ఆ పథకమే ఎత్తేశారు. ఇక్కడ మా గూడు లోపల మేడ మీదాకా ఉక్కు గొట్టం దించారు. పెట్టినవాడు సర్టిఫికెట్ ఇచ్చాడు, విషవాయువు పసిగట్టి మోగే పెట్టె గోడకి తగిలించాడు. ఏటా ఒక మనిషి బ్రష్షులతో వచ్చి మసి దులిపి కాగితం రాసిచ్చి పోతాడు. అతను వచ్చినప్పుడల్లా నాకు కోళ్ళగూడు గుర్తొస్తది.

1999లో మొదలైన దీపం పథకంలో అమ్మకి గ్యాసు వచ్చింది. డ్వాక్రా గ్రూపులో ఉంది గనక వచ్చింది. బండ మీద పూలగుడ్డ కప్పి, చుట్టాలొస్తే టీ పెట్టేది. మళ్ళీ నింపించుకునే డబ్బులు నేను పంపుతానన్నా వినేది కాదు. "నీ డబ్బులు కాల్చుకుంటానా అమ్మాయ్" అనేది. ఈ మాట మీద మా ఇద్దరికీ ఫోన్లో ఎన్నిసార్లు పోట్లాటయిందో.

ఒక ఉగాదికి ఇక్కడి తెలుగువాళ్ళు కలిశారు. మొదట ఇంటిపేరు అడిగినాయనే భోజనాల దగ్గర, "ఏమన్నా చెప్పండి, కట్టెలపొయ్యి మీద వండిన రుచే వేరండీ" అన్నాడు. నలుగురూ ఔనన్నారు. మనవైపు హోటళ్ళు కూడా ఇప్పుడు కట్టెలపొయ్యి వంట అని బోర్డులు పెడుతున్నయ్. రుచి నాలుకది. దగ్గు ఎవరిదో ఆ బల్ల దగ్గర ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ రోజు నోరు మూసుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతా.

మా పొయ్యి ఇప్పుడు బాగానే ఉంది. ముద్రున్న కట్టె కొంటున్నాం. లావు కట్టెలు కింద, సన్నపుల్లలు పైన పేర్చి పై నుంచి ముట్టిస్తే తొలిపొగ కూడా తగ్గుద్ది. అట్టాగని ఇది పొగలేని పొయ్యి కాదు. తలుపు తీసి కట్టె వేసినప్పుడల్లా కంటికి కనపడని నుసి గదిలోకొస్తది. జాబితాకెక్కిన పొయ్యైనా గ్యాసు కంటే ఎక్కువే వదులుద్ది. ఊపిరితిత్తుల వార్డులో పనిచేసేదాన్ని, నాకు తెలియదా? గడ్డకట్టే చలిరోజుల్లోనే ముట్టిస్తాం. పక్కింటామె కిటికీ తెరిచి ఉంటే ముట్టించం.

2024 సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు తేమ కొలిచే పరికరం సంచీలో వేసుకెళ్ళా. మా తమ్ముడికి ఇప్పుడు డాబా ఇల్లు. వాడి భార్యకి 2018లో ఉజ్జ్వల గ్యాసు వచ్చింది. కూర, టీ దాని మీద. నీళ్ళకీ, పదిమంది వస్తే అన్నానికీ పెరట్లో కట్టెలపొయ్యే. తమ్ముడు తుమ్మ మొద్దు చీల్చాడు. చీల్చిన పక్కన సూదులు గుచ్చాను.

"ఏంది వదినా, కట్టెకి జొరం చూస్తన్నావా?" అంది మరదలు.

31 చూపించింది. ఎంతుండాలంట అంది. ఇరవై లోపు అన్నా. "అయితే జొరమే" అని నవ్వి ఇంకో కట్టె అందించింది. 33. ఇంకోటి. అదీ అంతే. ఇక లాభం లేదని మోపుల అడుగునుంచి నిరుటి మిరపకట్టె లాగింది. దానికి సూది దిగేంత లావు లేదు.

"ఇదైతే బాగా ఎండింది వదినా, భగ్గుమంటది" అని పొయ్యిలో తోసి, ఊదుగొట్టం అందుకుంది. పిల్లలు ఇంట్లోకి ఉరికారు. నేను ఉరకలేదు. ఆమె పక్కనే పీట లాక్కుని కూచున్నా.