వేపచెట్టు ఒకటే

ఖరగ్‌పూర్ ఎర్రమట్టి మహా మొండిది. అయినా ఆ రైల్వే క్వార్టర్ పెరట్లో ఉగాదికల్లా గోంగూర తలెత్తింది. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి పనికోసం వచ్చిన కుటుంబానికి ఆమె కోడలు. తెలుగువాళ్లకు పిన్ని, బెంగాలీలకు మాషీమా. వేపచెట్టు ఒకటే, పువ్వు ఆమె ఉగాది పచ్చడికి, లేతాకు పక్కింటావిడ వంకాయ వేపుడుకి. మునగపూలూ అటే వెళ్తాయి. తెలుగుకు అధికార హోదా ఇవ్వాలని రాష్ట్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది. పక్కింటావిడ నోట 'గోంగూర' అంతకు చాలా ముందే పలికింది.

భర్త ఫిబ్రవరి ఆఖరున వర్క్‌షాప్ నుంచి రిటైరయ్యారు. మామూలు అద్దెకు క్వార్టర్‌లో నాలుగు నెలలే ఉండొచ్చు. వచ్చిన డబ్బుతో ఈ ఊళ్లోనే పెరడున్న చిన్న ఇల్లు కొనాలన్నది ఆమె ఆశ. ఇంతలో హైదరాబాద్‌లో కొడుకు ఉద్యోగం పోయింది. ఫ్లాటు వాయిదాలకు అందులోంచే పంపుతున్నారు. ఎన్ని నెలలని ఆమె అడగలేదు, కొడుకూ చెప్పలేదు. కోడలు మాత్రం వచ్చేయమంటోంది.

అయినా మార్చిలో వంగ నారు వేశారు. అది కాపుకొచ్చేసరికి గడువు ముగియవచ్చు. కరివేపాకు పిలకను మాత్రం పాత పెయింటు డబ్బాలోకి మార్చారు. ఆ డబ్బా హైదరాబాద్ రైలెక్కుతుందో, పక్కింటి గోడ దాటుతుందో ఇంకా తేల్చలేదు.